ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు

ఈ ప్రపంచంలో డాక్టర్ ఫణిభూషణానికి క్షుణ్ణంగా తెలిసిన సంగతి ఒక్కటే. నీళ్ల మీద వేసిన పొడి వెంటనే మునగకుండా కాసేపు ఎందుకు తేలుతుంది అన్నది. మిగతా సంగతులు, అంటే బంధుత్వాలు, కూరగాయల బేరం, ఎవరి ఎదుట ఎంత నవ్వాలి వగైరాలు, ఆయన భార్య సువర్చల చూసుకునేది. పెళ్లయిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి, మీరు దేని మీద పరిశోధన చేశారండీ అని అడిగింది. ఆయన హుషారుగా గ్లాసుతో నీళ్లు తెచ్చి, మీద చెంచాడు పాలపొడి జల్లి, వివరించడం మొదలుపెట్టాడు. పైన తడిసిన పొడి జిగురులా పొరకట్టి లోపలి పొడికి నీళ్లు అందనివ్వదనీ, అందుకే ఉండ పైకి తడిగా కనపడినా లోపల పొడిపొడిగానే ఉంటుందనీ, ఈ ముక్క కనిపెట్టడానికి తన యవ్వనంలో ముఖ్యమైన భాగం ఖర్చయిందనీ చెప్పాడు. సువర్చల కాసేపు గ్లాసు వంకా, కాసేపు ఆయన వంకా చూసింది. తర్వాత చెంచాతో గిర్రున నాలుగు తిప్పులు తిప్పి, "కరిగిపోయిందిగా" అంది.

తన పరిశోధన మీద అంత సూటి విమర్శ ఇంకెవరూ చెయ్యలేదని ఫణిభూషణమే నలుగురిలో చెప్పుకుని నవ్వేవాడు. ఆయనలో ఉన్న మంచిగుణం అది. తన మీద తను నవ్వుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాడు. ఇంటి ముందు డాక్టర్ అని బోర్డు చూసి ఎవరైనా జ్వరమని వస్తే, నేను పొడి డాక్టర్నండీ, మాత్ర ఇవ్వలేను గానీ మీరు తెచ్చుకున్న మాత్ర నీళ్లలో ఎలా కరుగుతుందో చెప్పగలను అనేవాడు. తన సిద్ధాంత గ్రంథాన్ని చదివినవాళ్లు ముగ్గురనీ, అందులో ఒకడు తనేననీ కూడా చెప్పుకునేవాడు. ఇలా నవ్వుకోవడం వల్ల ఒక సుఖం ఉంది. నవ్వేశాక ఇంకేమీ చెయ్యనక్కర్లేదు. ఆ సంగతి ఆయనకి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన పనిచేసేది రాష్ట్ర క్షీరచూర్ణ మండలిలో. జనం నోట్లో అది పాలపొడి ఆఫీసు. ప్రభుత్వ హాస్టళ్లలో పిల్లలకి సాయంత్రం పూట గ్లాసెడు పాలు ఇవ్వాలని పథకం. దానికి కావలసిన పొడిని మండలి తయారుచేసి పంపుతుంది. ఆ పొడి మంచిదో కాదో తేల్చే ప్రయోగశాలకి ఫణిభూషణం అధికారి. అక్కడ తడి పరీక్ష అని ఒకటి చేస్తారు. గోరువెచ్చని నీళ్ల మీదికి జానెడు ఎత్తు నుంచి పొడి వదిలి, అది దానంతట అది మునగడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. ఆ కాసేపూ ఎవరూ గ్లాసుని ముట్టుకోకూడదు. కలిపితే ఎంత చెత్త పొడైనా మునుగుతుంది. పిల్లవాడి చెవిలో జవాబు చెప్పి పరీక్ష పెట్టినట్టే అవుతుంది.

అలా రోజులు గడుస్తుండగా మండలికి కొత్త మేనేజింగ్ డైరెక్టరుగా ప్రసన్నచంద్ర గారు వచ్చారు. అంతకు ముందు ఆయన ఓడరేవులూ, అంతకు ముందు గ్రంథాలయాలూ చూశారు. పాలు మాత్రం కాఫీలోనే చూశారు. రాగానే ప్యాకెట్ మార్చమన్నారు. ప్యాకెట్ చూడగానే విజ్ఞానం కొట్టొచ్చినట్టు కనపడాలన్నారు. ప్రచార విభాగంవాళ్లు ప్రయోగశాలకి వచ్చి, సార్, ఏదన్నా శాస్త్రీయంగా ఒక పేరా ఇవ్వండి అని అడిగారు. ఫణిభూషణం తడి పరీక్ష గురించి రాసిచ్చాడు. గోరువెచ్చని నీటిపై పొడిని జానెడు ఎత్తు నుంచి వదలవలెను. ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు. పొడి తనంతట తాను మునుగు వరకు నిశ్చలంగా వేచి యుండవలెను.

ప్యాకెట్ మీద 'వాడే విధానం' అన్న శీర్షిక కింద చోటు ఖాళీగా ఉంది. ప్రచార విభాగంవాళ్లు ఆ పేరా తీసుకెళ్లి అక్కడ పెట్టారు.

ప్రూఫు ఫణిభూషణం దగ్గరికే వచ్చింది. 'గోరువెచ్చని' అన్నచోట ఒక అచ్చుతప్పు ఉంటే దిద్దాడు. రెండోసారి చదివి ఆనందించాడు. మూడోసారి చదివి ఇంకా ఆనందించాడు. ముగ్గురు చదివిన మనిషి మాట ఇకమీద లక్షల ప్యాకెట్ల మీద ఊరూరూ తిరగబోతోంది. పై శీర్షిక ఆయన కంటికి ఆనలేదు. తన వాక్యం ఉండగా వేరేవాళ్లు పెట్టిన శీర్షిక చదవాలని ఏ రచయితకీ తోచదు. సంతకం పెట్టేశాడు.

కొత్త ప్యాకెట్ వచ్చిన రోజు ఇంటికి తీసుకెళ్లి, ఏమీ ఎరగనట్టు సువర్చల ముందు పెట్టాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. చదివి, "ఇదేందండీ, కలపకుండా ఎట్టా తాగుతారు?" అంది. ఫణిభూషణం ప్యాకెట్ లాక్కుని చూశాడు. అప్పుడు కనపడింది శీర్షిక. ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాడు ఆఫీసు తెరవగానే వెళ్లి ప్రసన్నచంద్ర గారి గది ముందు నిలబడ్డాడు. లోపలికి పిలవగానే జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఈ మాట ప్రయోగశాల కోసం రాసింది, తాగేవాళ్ల కోసం కాదు, కలపకపోతే పాలు ఉండలు కడతాయి, సవరణ పంపిద్దాం అన్నాడు. ప్రసన్నచంద్ర గారు చివరిదాకా ఓపిగ్గా విన్నారు. విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఫణిభూషణం గారూ, మండలి ముద్రించిన వాక్యాన్ని తప్పు అనడమంటే మండలిని తప్పు అనడం. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని భావిస్తున్నాను. నాకొక్కటి చెప్పండి. ఈ వాక్యం శాస్త్రీయమా, కాదా?"

"శాస్త్రీయమేనండి. కానీ..."

"కానీ అన్నది శాస్త్రం కాదు" అన్నారు ప్రసన్నచంద్ర గారు.

తర్వాత ఆయన విషయాన్ని అరటిపండు ఒలిచినట్టు వివరించారు. పొడిని మన ప్రయోగశాలే పరీక్షించింది, కాబట్టి పొడిలో లోపం లేదు. విధానం శాస్త్రీయమని శాస్త్రవేత్తే ఒప్పుకున్నాడు, కాబట్టి విధానంలో లోపం లేదు. నీళ్లు మన పరిధిలోకి రావు. మిగిలింది తాగేవాళ్లు. కావున లోపం వాళ్ల అలవాట్లలో ఉంది. తరతరాలుగా ఈ జనం ఏది దొరికితే అది కలుపుకుని తాగుతున్నారు. వాళ్లని సంస్కరించే బాధ్యత మండలి మీద పడింది. ఫణిభూషణానికి ఈ తర్కంలో ఎక్కడ చెయ్యి పెట్టాలో తోచలేదు. తోచేలోపలే ప్రసన్నచంద్ర గారు నిశ్చల క్షీర విభాగం అనే కొత్త విభాగాన్ని ఏర్పాటు చేసి, దానికి ఆయన్నే అధిపతిగా వేసి, షేక్ హ్యాండ్ ఇచ్చేశారు. విభాగంతో పాటు ఒక జీపు, కూలరున్న గది వచ్చాయి.

లోపల ఉండి బాగుచెయ్యాలనే ఒప్పుకున్నానని ఆ సాయంత్రం సువర్చలతో చెప్పాడు. ఆవిడ వాకిట్లో నిలబెట్టిన జీపు చూసి, లోపలంటే దీని లోపలా అని అడిగింది.

వారం తిరక్కుండా సర్క్యులరు వెళ్లింది. ఇందుమూలంగా సమస్త వసతి గృహాల వార్డెన్లకు తెలియజేయడమేమనగా, మండలి సరఫరా చేయు పాలను గరిటె, చెంచా, కవ్వం, వేలు లేదా మరే ఇతర సాధనంతోనైనా కలపడం నిషేధించడమైనది. దానికి ఒక సందేహం వచ్చింది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగబొయ్యవచ్చునా అని. తిరగబొయ్యడం పరోక్ష కలపడం కిందికి వస్తుందని వివరణ వెళ్లింది. గ్లాసు పట్టుకుని నడిస్తే కదులుతుంది గదా అని ఇంకో సందేహం వచ్చింది. దాంతో పిల్లలు ముందు కూర్చున్న తర్వాతే పొడి వెయ్యాలనీ, పొడి మునిగేదాకా చేతులు వెనక్కి కట్టుకుని ఉండాలనీ ఇంకో వివరణ వెళ్లింది. వీటన్నిటి కిందా ఫణిభూషణం సంతకం ఉంది. ప్రతి సంతకానికి ముందూ ఆయన ఓ నిట్టూర్పు విడిచేవాడు. తన మనసు దీనికి ఒప్పుకోవడం లేదని ఆ నిట్టూర్పే సాక్ష్యమని తనకి తను చెప్పుకునేవాడు.

మండలి ముందు తనే ఆదర్శంగా ఉండాలని క్యాంటీనులో చెంచాలు తీసేశారు. డికాక్షనూ పాలూ చక్కెరా పెద్ద పాత్రలో పోసి అలా వదిలేసేవారు. పైన చేదు నీళ్లు, అడుగున పాకం. కొన్నాళ్లకి ఆఫీసరు లోకం ఒక సత్యం గ్రహించింది. చివరి కప్పు దొరికినవాడిది అదృష్టం. అంతవరకూ హోదా ఉన్నవాడికి ముందు కాఫీ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు హోదా ఉన్నవాడు ఆఖర్న తాగడం మర్యాద అయింది. ఇద్దరు జాయింట్ డైరెక్టర్లు ఒకరి కంటే ఒకరు వినయంగా మీరు ముందు, కాదు మీరు ముందు అనుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చుని చల్లారిన కాఫీ వదిలేసి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. అటెండర్లు మాత్రం వీధి చివర బండి దగ్గర శుభ్రంగా కలిపిన టీ తాగొచ్చేవాళ్లు.

తర్వాత తనిఖీలు మొదలయ్యాయి. సాయంత్రం పాల వేళకి హాస్టల్లో గరిటె తడిగా దొరికితే నేరం రుజువైనట్టే. సాంబారు వడ్డించిన గరిటె అని వంటవాళ్లు మొత్తుకున్నారు. అనుమానానికి తావు లేకుండా ఉండాలని గరిటెలే స్వాధీనం చేసుకుని ప్రయోగశాలలో పడేశారు. ఫణిభూషణం పొడి తూచుకునే బల్ల మీద గరిటెలు గుట్టపడ్డాయి. హాస్టళ్లలో సాంబారు చెంబుతో పోస్తున్నారని వినికిడి.

ఇంతలో ఇది పాల సంగతి కాదు, అంతకంటే గొప్ప సంగతి అని కొందరికి తోచింది. రాజధానిలో మౌనం నేర్పే గురువు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని పిలిచి సదస్సు పెట్టారు. ఆయన గ్లాసు ముందు కళ్లు మూసుకుని కూర్చుని, పొడి మునిగేదాకా వేచి ఉండటమే విద్య అన్నాడు. నేటి బాలలకి లేనిది అదేనన్నాడు. సభ కరిగిపోయింది, గ్లాసులో పొడి తప్ప. ప్రసన్నచంద్ర గారు లేచి, ఇకమీదట పాలు కరగలేదు అని ఎవరూ నివేదించరాదనీ, పాలు కరిగే ప్రక్రియలో ఉన్నాయి అని మాత్రమే నివేదించాలనీ ప్రకటించారు. ముందు వరసలో కూర్చున్న ఫణిభూషణం చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టావని తన్ను తను అడుగుతూనే కొట్టాడు.

సవరించడానికి ఆయన ఇంకో ప్రయత్నం చేశాడు. పొడి రేణువుల్ని తయారీలోనే గుల్ల గుల్లగా గుత్తులు కట్టిస్తే నీళ్లు లోపలికి చొరబడి, కలపకపోయినా చాలావరకు కరుగుతాయని, దానికి ఫలానా యంత్రం కావాలని రాసి పంపాడు. జీవితంలో ఆయన చదువు పనికొచ్చే ఘడియ ఏదన్నా ఉంటే అదే. జవాబు మర్నాడే వచ్చింది. మేలురకం పొడి కావాలనడం ఇప్పుడున్నది నాసిరకమని ఒప్పుకోవడమే అవుతుంది గనక సూచన తిరస్కరించడమైనది. అయితే అంకితభావాన్ని మెచ్చి కూలరు తీసి ఏసీ పెట్టించారు.

అప్పటికి కూడా ఫణిభూషణానికి ఇదంతా నవ్వు వ్యవహారంగానే ఉంది. స్నేహితుల దగ్గర కూర్చుని, ఒరే, కరగనివ్వకపోవడంలో డాక్టరేటు తీసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేరా అని చెప్పి నవ్వించేవాడు. ఆ నవ్వు ఈదులచెరువులో ఆగిపోయింది.

ఈదులచెరువు బాలికల హాస్టలు నిశ్చల క్షీరంలో రాష్ట్రానికే మొదటి స్థానంలో ఉందని నివేదికలు వస్తున్నాయి. చూసి రమ్మన్నారు. వార్డెను సలోమమ్మ నలభై దాటిన మనిషి. గేటు దగ్గరే నిలబడి నమస్కారం పెట్టి లోపలికి తీసుకెళ్లింది. హాల్లో పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. ఎదురుగా గ్లాసులు. ప్రతి గ్లాసులో తెల్లటి దిబ్బ తేలుతోంది. అంతమంది ఆడపిల్లలున్న చోట చిన్న గుసగుస కూడా లేదు. ఫణిభూషణం ఆ దిబ్బల్ని గుర్తుపట్టాడు. తన పుస్తకంలో బొమ్మ వేసి మరీ వివరించిన దిబ్బలు అవి. పైన పొర, లోపల పొడి.

ముందు వరసలో ఓ బక్కపిల్ల సలోమమ్మ వంక తిరిగి, "అమ్మా, ఇయ్యాల సారొచ్చాడు గదా, తాగాలా?" అని అడిగింది.

సలోమమ్మ తాగమన్నట్టు తలూపింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని గ్లాసెత్తింది. పై నీళ్లు తాగి, ఉండ నోట్లోకి రాగానే బుగ్గలో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఫణిభూషణం ఓ గ్లాసు అడిగి తీసుకున్నాడు. ఉండ నాలుక మీద చిట్లింది. లోపలి పొడి అంగిలికీ పళ్లకీ అతుక్కుపోయింది, మింగుడు పడలేదు, కక్కనూ లేకపోయాడు. ఇన్నేళ్లలో ఆ పొడిని ఆయన చూశాడు, తూచాడు, ఫొటోలు తీశాడు, ఎప్పుడూ తిని చూడలేదు. సిగ్గనిపించింది. నవ్వుకుని దులిపేసుకునే సిగ్గు కాదు.

పెరట్లో బట్టలుతికే బండ పక్కన కాలవంతా తెల్లగా అట్టకట్టి ఉంది. సలోమమ్మ అటు చూపించలేదు, దాచనూ లేదు. రోజూ ఎదురుచూడటం అయిపోగానే పిల్లలు అక్కడ పారబోసి వస్తున్నారట. పిల్లలు ఆ ఉండల్ని సుద్దముక్కలంటారట. ముందంతా సాయంత్రం పాల కోసం కొట్టుకునేవాళ్లనీ, ఇప్పుడు రాత్రి అన్నం దాకా నీళ్లు తాగి ఉంటున్నారనీ, కొందరు చిక్కిపోయారనీ చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి కొంచెం తేలిగ్గా ఉండేది.

"సార్, కాయితం వద్దండి. నోటితో ఒక్క మాట చెప్పండి, కలపమని. రేపట్నుంచి కలుపుతా. ఎవరన్నా అడిగితే పెద్దసారు చెప్పారంటా, ఉద్యోగం నిలబడుద్ది" అంది.

ఒకే ఒక్క మాట. సువర్చల పెళ్లయిన కొత్తలోనే చెంచాతో చేసి చూపించిన మాట. ఫణిభూషణం నోరు తెరిచాడు. ప్రసన్నచంద్ర గారు గుర్తొచ్చారు, జీపు గుర్తొచ్చింది, రిటైర్మెంటుకి ముందు డైరెక్టరు చేస్తామని ఆయన ఈమధ్య ఇచ్చిన మాట గుర్తొచ్చింది. "పైవాళ్లతో మాట్లాడతానమ్మా" అన్నాడు. సలోమమ్మ అలాగేనండి అని జీపు దాకా వచ్చి సాగనంపింది.

ఇంటికెళ్లి సువర్చలకి మొత్తం చెప్పాడు. ఎప్పట్లా నవ్వు పుట్టించేలా చెప్పబోయాడు గానీ అందులో నవ్వు ఎక్కడా దొరకలేదు. ఆవిడ ఆయన కాఫీ గ్లాసులో చెంచా వేసి కలుపుతూ చాలాసేపు కూర్చుంది. ఆ చప్పుడు ఆయన వినలేకపోయాడు.

నెల తిరిగేసరికి నిశ్చల క్షీర వారోత్సవాలు వచ్చాయి. ముగింపు సభ ఈదులచెరువులోనే. మంత్రిగారు వచ్చి, పిల్లల మధ్య కూర్చుని, పత్రికలవాళ్ల ముందు ఒక గ్లాసు పాలు తాగుతారు. షామియానా వేశారు, పిల్లలకి కొత్త రిబ్బన్లు కట్టారు, వేదిక పక్కన బల్ల మీద, పిల్లలందరికీ సరిపడా ముందే పొడి జల్లిన పాల డ్రమ్ము పెట్టారు. మంత్రిగారి కారు ఊరి పొలిమేర దాటిందని తెలియగానే ప్రసన్నచంద్ర గారు ఫణిభూషణాన్ని పక్కకి పిలిచారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, మంత్రిగారి గ్లాసు ఒక్కటీ వంటింట్లో కొంచెం కలిపి పంపించమన్నారు.

"కలపడమాండీ?" అన్నాడు ఫణిభూషణం.

"కలపడం అనకండి. ప్రోటోకాల్ అనండి."

వంటింట్లో సలోమమ్మ ఉంది. కలపడానికి ఏమన్నా ఉందా అని ఫణిభూషణం అడిగితే, ఆమె బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఒక గరిటె తీసింది. తన ఇంటినుంచి తెచ్చి దాచిందట. ఎప్పుడన్నా ధైర్యం వస్తే వాడదామని. ఫణిభూషణం మంత్రిగారి గ్లాసులో గరిటె కాడ పెట్టి తిప్పాడు. నాలుగు తిప్పులకి పొడి మాయమైంది. పాలు చిక్కగా, నున్నగా, వేళ్లకి వెచ్చగా తగిలాయి. వాటిని చూస్తూ నిలబడ్డాడు.

"మంత్రిగారొక్కరికేనాండీ?" అంది సలోమమ్మ.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. ఒక్కరికే అయితే గరిటె మళ్లీ దాచిపెట్టుకోవాలి గదా. ఫణిభూషణం గ్లాసు అక్కడే పెట్టేసి, గరిటె పట్టుకుని బయటికి నడిచాడు. అప్పటికి మంత్రిగారు వచ్చి కూర్చున్నారు. ప్రసన్నచంద్ర గారు మైకు ముందు నిశ్చలత్వం గురించి చెబుతున్నారు. ఫణిభూషణం ఎవరివంకా చూడకుండా వేదిక పక్కన డ్రమ్ము దగ్గరికి వెళ్లి, అడుగుదాకా గరిటె దించి కలపడం మొదలుపెట్టాడు. ఉండలు పెద్దవి, మొండివి. ఒక్కొక్కదాన్నీ అంచుకి నొక్కి చిదిపి, మళ్లీ కలిపాడు. చొక్కా చేతులు తడిశాయి. మైకు ఆగిపోయింది. గరిటె డ్రమ్ముకి తగులుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

మంత్రిగారు ఏం జరుగుతోందని అడిగారు.

"కలుపుతున్నానండి" అన్నాడు ఫణిభూషణం. "కలపొద్దని రాసింది నేనే. అది పొడిని పరీక్షించేవాళ్లకి. తాగేవాళ్లు కలుపుకోవాలి. తప్పు నాదండి, పిల్లలు ఇన్నాళ్లూ పస్తులున్నారు."

మాట బయటికి వచ్చాక కూడా ఆయన చెయ్యి ఆపలేదు. సలోమమ్మ గ్లాసులు అందుకుంది. పిల్లలు ముందు వాసన చూశారు, తర్వాత ఒక గుక్క, తర్వాత గటగటా తాగి రెండో గ్లాసుకి వచ్చారు. వెనక్కి కట్టిన చేతులు ఎప్పుడు విడిపోయాయో ఎవరూ చూడలేదు. మంత్రిగారు పొద్దున్నించి ఏమీ తినకుండా తిరుగుతున్నారు. ఆయన కూడా ఒక గ్లాసు తాగి, మూతి తుడుచుకుని, బాగున్నాయే అన్నారు.

ఆ ఒక్క ముక్కతో ప్రసన్నచంద్ర గారికి ప్రాణం లేచొచ్చింది. మైకు అందుకుని, ఇప్పుడు మీరు చూసినది సామాన్యులు చేసే కలపడం కాదనీ, డాక్టరేటు పొందిన శాస్త్రవేత్త స్వహస్తాలతో చేసిన శాస్త్రీయ ప్రక్రియ అనీ, నిశ్చల దశ విజయవంతంగా ముగిసి ఈ క్షణం నుంచి చలన దశ ఆరంభమైందనీ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. సస్పెన్షన్ కోసం సిద్ధపడి నిలబడ్డ ఫణిభూషణం మెడలో శాలువా పడింది.

కొత్త ఉత్తర్వు మూడోనాడే వచ్చింది. పాలను కలపవచ్చును. అయితే చూర్ణ విజ్ఞానంలో డాక్టరేటు ఉన్న అధికారి మాత్రమే కలపవలెను. రాష్ట్రం మొత్తం మీద ఆ అర్హత ఉన్నవాడు ఒక్కడే. ఆయన జీపులో గరిటె పెట్టుకుని హాస్టలు హాస్టలూ తిరగాలి. ఉత్తర్వు చదివి ఫణిభూషణం హాస్టళ్ల జాబితా ముందేసుకుని లెక్క కట్టాడు. ఎంత పరిగెత్తినా సాయంత్రానికి రెండు మూడు హాస్టళ్లు దాటవు. మిగతా చోట్ల పిల్లలు చేతులు కట్టుకుని తన జీపు కోసం కూర్చుంటారు. తను నోరు విప్పి బాగుచేసింది ఏమిటో ఆయనకి అర్థం కాలేదు. సువర్చల మాత్రం ఉత్తర్వు చదివి, తలూపి, ఆయన సంచిలో ఓ మంచి గరిటె సర్దింది. దార్లో ఎంత ఆలస్యమైనా గాభరా పడొద్దని చెప్పింది.

మొదటి రోజు ఈదులచెరువు. తారురోడ్డు మీద లారీ అడ్డంపడి, ఫణిభూషణం చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. పిల్లలు ఎంతసేపటినుంచి ఎదురుచూస్తున్నారో అని గరిటె పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ హాల్లోకి వెళ్లాడు. అక్కడ ఎవరూ కూర్చుని లేరు. పిల్లలు పెరట్లో గోల గోలగా తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. కొందరి మూతుల మీద పాల మీసాలున్నాయి. సలోమమ్మ ఎదురొచ్చి, ఏదో నేరం చేసినట్టు కొంగు సర్దుకుంది.

"మీరు వచ్చేదాకా ఆగలేరని కలిపేశానండి. ఆ రోజు సభలో మీరు నోటితో చెప్పారు గదా, తాగేవాళ్లు కలుపుకోవాలని. మా తోటి వార్డెన్లు ఫోన్ చేస్తే వాళ్లకీ చెప్పా. అంతా కలిపేశారంట."

ఫణిభూషణం గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది. దాంతో పాటు ఇంకేదో కూడా దిగిపోయింది, అది మాత్రం కొంచెం బాధనిపించింది. రాష్ట్రం మొత్తానికి ఒక్కడే ఉన్న డాక్టరు ఇక ఎవరికీ అక్కర్లేదు.

ఆయన మొహం చూసి సలోమమ్మకి ఏం తోచిందో, వంటమనిషిని కేకేసి, డ్రమ్ములో మిగిలిన పాలు తెప్పించి ఆయన ముందు పెట్టింది. పాలు నున్నగా ఉన్నాయి, ఉండ అన్నది ఎక్కడా లేదు. ఆట ఆపి వచ్చిన పిల్లలు చుట్టూ మూగారు. అందరూ మర్యాదగా నోరు మూసుకుని చూస్తుంటే, డాక్టర్ ఫణిభూషణం గరిటె ముంచి, ఎప్పుడో కరిగిపోయిన ఆ పాలని శ్రద్ధగా కలిపాడు.